గడ్డమే గండం

కోళ్ళ విషయంలో గోదావరి జిల్లాలవారిని మించిన శాస్త్రజ్ఞులు భూమండలం మీద లేరని నేను చిరకాలంగా నమ్ముతూ వచ్చాను. ఏ వారంనాడు, ఏ జామున, ఏ రంగు పుంజును, ఏ దిక్కు నుంచి బరిలోకి దింపాలో చెప్పే కుక్కుట శాస్త్రం మన చేతిలో ఉండగా ఇతరులు కొత్తగా చెప్పగలిగేది ఏముంటుందని నా ధీమా. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్ర పర్యావరణ పరిరక్షణ శాఖవారి వేట నిబంధనలలో అడవి టర్కీ కోడికి సంబంధించిన భాగాన్ని ఆమూలాగ్రం చదివిన తరువాత ఆ ధీమాను సవినయంగా ఉపసంహరించుకుంటున్నాను. మన శాస్త్రం కోడికి ముహూర్తం పెడితే, వారి శాస్త్రం కోడిని దాని మానాన వదిలేసి మనిషికి ముహూర్తం పెట్టింది.

ముందుగా అర్హతల సంగతి. అడవిలో తిరగడానికి టర్కీ కోడికి ఏ అర్హతా అక్కర్లేదు. దాని వెంట తిరగదలచిన మనిషి మాత్రం వేట భద్రత పాఠాలు విని, పరీక్ష నెగ్గి, ధ్రువపత్రం పుచ్చుకొని, ఆ ధ్రువపత్రం చూపించి 22 డాలర్లకు వేట లైసెన్సు కొనుక్కొని, దానిమీద మరో 10 డాలర్లు చెల్లించి టర్కీకంటూ ప్రత్యేకమైన పర్మిట్ సంపాదించాలి. ఇది రాష్ట్రవాసులకు ఇచ్చే ధర. పొరుగు రాష్ట్రం వారికి వడ్డన ఇంకా ఎక్కువ. గమనించవలసిన విశేషం ఏమిటంటే, ఆ 22 డాలర్ల లైసెన్సుతోనే జింకను వేటాడవచ్చు, నల్ల ఎలుగుబంటిని కూడా వేటాడవచ్చు. మనిషిని చీల్చి చెండాడగల ఎలుగుబంటికి సరిపోయిన కాగితం, ఇరవై పౌండ్లు తూగే కోడి ఎదుట చాలకుండా పోతుంది. ప్రభుత్వం దృష్టిలో ఎలుగుబంటి సామాన్య పౌరుడనీ, టర్కీ కోడి గెజిటెడ్ అధికారి అనీ దీన్నిబట్టి మనం గ్రహించాలి.

ఇక ముహూర్తం. వసంతకాలపు వేట మే 1న మొదలై మే 31న ముగుస్తుంది. రోజుకు ఎంతసేపు అంటే, సూర్యోదయానికి అరగంట ముందు నుంచి మధ్యాహ్నం పన్నెండు వరకు. అందువల్ల వేటగాడు తుపాకీతో పాటు పంచాంగం కూడా వెంటబెట్టుకోవలసి ఉంటుంది. అరుణోదయానికి ముందు తుపాకీ పేలిస్తే నేరం. పన్నెండు దాటితే వర్జ్యం. పదకొండు గంటల యాభై తొమ్మిది నిమిషాలకు ప్రాణభయంతో పొదలో నక్కిన పుంజు, రెండు నిమిషాలు ఓపిక పడితే చాలు, అదే వేటగాడి ఎదుట రెక్కలు దులుపుకొని, తోక విసనకర్రలా విప్పుకొని నింపాదిగా నడిచి వెళ్ళవచ్చు. దీని వెనుక కారణం లేకపోలేదు. అప్పటికి పెట్టలు చాలావరకు గుడ్లు పెట్టి పొదుగు మీద కూర్చుంటాయి. వాటి పొదుగు చెడకుండా, గూడు దిగి మేతకు వచ్చినప్పుడు వాటికి తుపాకీ మోత వినబడకుండా ఈ ఏర్పాటు. బాలింతల పట్ల ఇంత శ్రద్ధ చూపే శాఖ భూమ్మీద ఒకటి ఉన్నందుకు సంతోషిస్తూనే, ఆ శాఖ కోళ్ళకే ఎందుకు పరిమితమైందని ప్రసూతి ఆస్పత్రుల వరండాలు తెలిసిన నాబోటివాళ్ళం అడగక తప్పదు.

అయితే ఈ శాస్త్రానికి గుండెకాయ వంటి నిబంధన గడ్డానికి సంబంధించినది. వసంతంలో గడ్డమున్న పక్షిని మాత్రమే కొట్టాలని చట్టం. టర్కీ పుంజుకు రొమ్ము మధ్య నుంచి గుర్రపు వెంట్రుకల్లాంటి కుచ్చు ఒకటి వేలాడుతుంది. దానినే గడ్డం అంటారు. పుంజును కొట్టాలి, పెట్టను కొట్టరాదు అని ఒక్క ముక్కలో చెప్పవచ్చు కదా అని మీరు అనవచ్చు. శాసనం రాసేవారు మీకన్నా లోతుగా ఆలోచిస్తారు. తెల్లవారని వెలుతురులో, చెట్ల మధ్య, నలభై గజాల దూరంలో ఉన్న పక్షి లింగాన్ని నిర్ధారించమని పౌరుణ్ణి అడగడం భావ్యం కాదు. గడ్డం ఉందో లేదో చూడమనడం భావ్యమే. చిక్కల్లా ప్రకృతి ఆ నిబంధనలు చదవకపోవడంతో వచ్చింది. నూటికి పది నుంచి ఇరవై పెట్టలకు కూడా గడ్డం మొలుస్తుంది. అలాంటి పెట్ట, పిల్లల తల్లి అయినా సరే, చట్టం దృష్టిలో పురుషుడే. పోట్లాటలోనో మంచులో గడ్డకట్టి విరిగిపోయో గడ్డం పోగొట్టుకున్న నిక్షేపమైన పుంజుకు మాత్రం పూర్తి రక్షణ. అక్టోబరులో మొదలయ్యే శరత్కాలపు వేటలో ఈ పట్టింపు ఉండదు. అప్పుడు ఆడామగా సమానమే. అంటే అక్కడి టర్కీ సమాజంలో స్త్రీ పురుష సమానత్వం ఏడాదికి కొన్ని వారాలు అమలులో ఉంటుంది, అదీ చావు విషయంలో మాత్రమే.

వేటాడే పద్ధతి గురించి చెప్పేటప్పుడు శాసనకర్తలు నీతిశాస్త్రంలోకి దిగారు. గింజలు చల్లి కోడిని రప్పించడం నేరం. ప్రేమ చల్లి రప్పించడం నేరం కాదు. వేటగాడు నాలుక మీద, అంగిలికి ఆనించి చిన్న రబ్బరు పొరను పెట్టుకొనో, పలక మీద పుల్లతో గీస్తూనో, చెక్కపెట్టె మూతను రాపాడిస్తూనో విరహంతో ఉన్న పెట్టలా కూస్తాడు. పుంజు నమ్మి వస్తుంది. ఇది కళ. అదే కూతను యంత్రంలో రికార్డు చేసి వినిపిస్తే చట్టవిరుద్ధం. సొంత నోటితో చేసిన మోసానికి అనుమతి, యంత్రంతో చేసిన మోసానికి జరిమానా అనే ఈ సూక్ష్మభేదాన్ని మన ఎన్నికల సంఘం కూడా పరిశీలించవచ్చు. పక్కనున్న పెన్సిల్వేనియా మరో అడుగు ముందుకు వేసి, వసంతంలో పుంజును కూసి పిలవడమే గాని నక్కి నక్కి వెళ్ళి సమీపించరాదని శాసించింది. పిలిచిన చోటికి వచ్చినవాణ్ణే చంపాలి, వెతుక్కుంటూ వెళ్ళి చంపడం మర్యాద కాదు. నిజానికి ఇది మర్యాద కోసం పెట్టినది కాదు, ప్రాణరక్షణ కోసం పెట్టినది. పొద్దున్నే ఒక గుట్టకు అటూ ఇటూ కూర్చుని ఇద్దరు గడ్డం మామయ్యలు పెట్టల్లా ముద్దుముద్దుగా కూసుకుంటూ, ఒకరినొకరు కోడి అనుకొని పాకుతూ వస్తే ఏమవుతుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

వేషధారణలోనూ ఇదే వింత. తుపాకీతో జింకనో ఎలుగునో వేటాడేవాడు మెరిసే నారింజ రంగో గులాబీ రంగో ఒంటి మీద వేసుకొని తీరాలి. టర్కీ కంటికి రంగులు మహా బాగా ఆనుతాయి కనుక దాన్ని వేటాడేవాడికి ఆ నిర్బంధం లేదు. ఆకుల్లో ఆకై కూర్చోవచ్చు. ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తారు: ఎరుపు, తెలుపు, నీలం రంగులు ఒంటి మీద కనబడనీయవద్దు, ఎందుకంటే పుంజు తలకాయ రంగులు అవే. జాతీయ పతాకంలోని మూడు రంగులను ధరిస్తే తోటి పౌరుడే కాల్చే ప్రమాదం ఉందని అధికారికంగా హెచ్చరించే దేశాన్ని నేను మరొకదాన్ని ఎరుగను. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1784లో కూతురికి రాసిన ఉత్తరంలో, గద్ద నడవడిక మంచిది కాదనీ, దానికన్నా టర్కీ కోడి ఎంతో గౌరవనీయమైనదనీ రాశాడు. దేశం ఆయన మాట పక్కన పెట్టి 2024 డిసెంబరులో తెల్లతల గద్దనే అధికారికంగా జాతీయ పక్షిని చేసింది. రంగులన్నీ టర్కీ తల మీద ఉంటే పదవి గద్దకు దక్కింది. రాజకీయాలు తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు.

గురి కుదిరి కోడి పడిందనుకుందాం. అక్కడికక్కడే ట్యాగు అనే చీటీని నింపాలి. ఆ పైన ఏడు రోజుల్లోగా శాఖకు తెలియజేయాలి. మన దేశంలో బిడ్డ పుడితే నమోదు చేయించడానికి 21 రోజుల గడువు ఇస్తారు. అక్కడ కోడి చస్తే వారమే.

ఇంత హంగామా అవసరమా అని నేను కూడా చిరాకు పడ్డవాణ్ణే. తీరా చరిత్ర తిరగేస్తే, నియమాలు లేని రోజుల్లో అడవులు నరికి, దొరికినదాన్ని దొరికినట్టు కొట్టి, 1840ల నడుమకు న్యూయార్క్ రాష్ట్రంలో ఒక్క అడవి టర్కీ కూడా మిగలకుండా చేశారట. సుమారు వందేళ్ళ తరువాత, 1948 ప్రాంతంలో, పెన్సిల్వేనియా నుంచి కొన్ని పక్షులు ఏ వీసా లేకుండా సరిహద్దు దాటి వచ్చాయి. ఫారాల్లో పెంచి వదిలిన కోళ్ళు అడవిలో బతకలేకపోవడంతో, 1959 నుంచి ఆ వలసదారులనే వలవేసి పట్టి, రాష్ట్రమంతటా పంచిపెట్టారు. ఖర్చు సంగతికి వస్తే, 1937 నాటి పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం పొడుగు తుపాకుల మీద, తూటాల మీద 11 శాతం సుంకం వసూలై, వన్యప్రాణుల పునరుద్ధరణకు రాష్ట్రాలకు చేరుతుంది. తగిలిన తూటాకూ తగలని తూటాకూ సుంకం ఒక్కటే కాబట్టి, గురి లేని వేటగాడు టర్కీ జాతికి పోషకుడు. ఈ లెక్కన చూస్తే పరీక్షలో గురి కుదిరినవారికి లైసెన్సు నిరాకరించడమే వన్యప్రాణి సంరక్షణకు దగ్గరి దారి. ఈ సూచనను శాఖవారి పరిశీలనకు సమర్పిస్తున్నాను.

ఆ రాష్ట్రంలో ఉంటున్న మా మేనల్లుడు ఈ విషయాలేవీ చదవలేదు, చదవాల్సిన అవసరమూ రాలేదు. మే నెలలో ఒకరోజు వాడి కారు తలుపులో తన నీడను చూసి మరో పుంజు అనుకున్న టర్కీ ఒకటి, దానిమీద యుద్ధం ప్రకటించి, రంగు లేచిపోయేదాకా పొడిచింది. వాడు ఆఫీసు మీటింగు మానుకొని కిటికీ లోంచి ఫోను చేశాడు. "మామయ్యా, దీన్ని ఏం చెయ్యొచ్చు?" అన్నాడు. పర్మిట్ ఉందా అని అడిగాను, లేదన్నాడు. తుపాకీ పేల్చడానికి పక్కింటికి 500 అడుగుల దూరం ఉందా అని అడిగాను, కేకేస్తే పలుకుతారన్నాడు. గడ్డం ఉందా అని అడిగాను. నాకా, దానికా అన్నాడు. దానికి జానెడు ఉందట. టైము ఎంతయిందిరా అంటే పన్నెండూ పది అన్నాడు.