వేప చెట్టు కొట్టేస్తే నిద్ర పడుతుందా?

ఫాల్గుణం సగం దాటిందంటే మహబూబ్‌నగర్‌లో మా కాలనీకి తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వస్తుంది. కోయిల మొదలుపెడుతుంది. ఒక్కో కూత ముందుదానికంటే ఒక మెట్టు పైకి పోతుంది. ఏడో ఎనిమిదో కూతకు ఆగి, మళ్లీ కింది నుంచి ఎత్తుకుంటుంది. పొలం గట్టు మీద దూరం నుంచి వింటే అది పాట. పడకగది కిటికీకి ఆనుకున్న వేప కొమ్మ మీద నుంచి వింటే మాత్రం వేరు. నైట్ డ్యూటీ చేసి రెండింటికి పడుకున్న మనిషికి, పరీక్షలు రాసే పిల్లలకు అది నిజంగా టెన్షనే.

"చెట్టు కొట్టిస్తె అయిపోతది కద సారూ" అన్నారు మొన్న మా పక్కింటాయన. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ బాధను నేను కొట్టిపారేయడం లేదు. చెట్టు కొడితే అది తీరదనే చెబుతున్నాను.

మామిడి చిగురు మేసి కోయిల గొంతు విప్పుతుందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. నిజానికి కోయిలకు ముఖ్యమైన తిండి పండ్లు. మర్రి, రావి, మేడి, వేప పండ్లు తింటుంది. మనకు విషమైన పచ్చగన్నేరు కాయను కూడా తిని అరిగించుకుంటుంది. అంత గట్టిగా కూసేది నల్లగా నిగనిగలాడే మగది. పగళ్లు పొడవయ్యేకొద్దీ దానికి జతకట్టే కాలం వస్తుంది. ఆడదాన్ని పిలవడం, ఇంకో మగదాన్ని దగ్గరికి రావద్దనడం, రెండూ ఆ కూతే. ఒంటి నిండా చుక్కలుండే ఆడది కిక్‌కిక్‌మని వేరేగా అరుస్తుంది. అది గూడు కట్టదు. మగది కాకులను రెచ్చగొట్టి తన వెంట తిప్పుకుంటుంటే, ఆడది వెళ్లి కాకి గూట్లో గుడ్డు పెట్టి వస్తుంది. కోయిల గుడ్డు రెండు వారాల లోపే పిల్లవుతుంది. కాకి గుడ్డుకు అంతకంటే ఎక్కువ రోజులు పడుతుంది. అందుకే కోయిల పిల్ల ముందే నోరు తెరిచి తిండి అడుగుతుంది.

అంటే కాకి ఎక్కడ ఉంటే కోయిల అక్కడికి వస్తుంది. కాకి మన వీధిలో ఎందుకుంది? మూత లేని చెత్తకుండీ వల్ల, పెళ్లిళ్ల హాలు వెనక పారబోసిన అన్నం వల్ల. వేప చెట్టు కొట్టేస్తే కాకి కరెంటు స్తంభం మీదో సెల్ టవర్ మీదో ఇనుప తీగలతో గూడు కడుతుంది. కోయిల పక్క సందులోని చెట్టు మీద కూస్తుంది. పొద్దున వినిపించే కూత అలాగే ఉంటుంది. మధ్యాహ్నం ఉండే నీడ మాత్రం పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పాలమూరు ఎండ తెలిసినవాళ్లకు దాని సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పటికే చెట్లు తగ్గాయి. 2021లో తెలంగాణ అంతటా తెగులు సోకి వేప కొమ్మలు మాడిపోయినట్టు ఎండాయి. రోడ్ల మధ్యలో, వెంచర్లలో వరసగా నాటిన కోనోకార్పస్ చూడటానికి పచ్చగా ఉంటుంది కానీ, పండు తినే పిట్టకు అందులో ఏమీ దొరకదు. నాలుగు సందుల పిట్టలు ఒక్క చెట్టు మీదికి చేరితే ఆ ఒక్క కిటికీకే మోత ఎక్కువవుతుంది.

ఇక వేళ సంగతి. రాత్రంతా వెలిగే దీపాలున్న చోట పిట్టలు తెల్లారకముందే కూత మొదలుపెట్టడం యూరప్ నగరాల్లో గమనించారు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో పగలు రొద ఎక్కువగా ఉన్న చోట రాబిన్ పిట్టలు రాత్రిపూట పాడుతున్నాయని 2007లో తేల్చారు. బెర్లిన్‌లో ట్రాఫిక్ పక్కనుండే నైటింగేల్ పిట్టలు గొంతు పెంచుతున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో రోడ్లు ఖాళీ అయినప్పుడు అక్కడి పిచ్చుకలు మెల్లగా పాడాయి. అవన్నీ వేరే జాతులే. అయినా మా వీధి ఎల్‌ఈడీ దీపం కింద నిలబడి చూస్తే ఆ సంగతులే గుర్తొస్తాయి. నివాస ప్రాంతంలో రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి వరకు 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. బరాత్ డీజే, బోరు లారీ, అర్ధరాత్రి హారన్ ఈ లెక్కలోకి వస్తాయి. వాటి మీద ఫిర్యాదు చేయడానికి వెనకాడి, చెట్టు మీద కత్తి ఎత్తడం నాకు అన్యాయంగా తోస్తుంది. చెట్టు నరకాలంటే నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి కూడా తీసుకోవాలి.

ఈ ఊరికి చెట్టును కాపాడుకోవడం కొత్త కాదు. 2018లో చెదలు పట్టిన మా పాత మర్రి చెట్టు పిల్లలమర్రికి కొమ్మకొమ్మకూ సెలైన్ బాటిళ్లు కట్టి మందెక్కించారు. ఇంటి ముందు వేపకు అంత అక్కర్లేదు. ఉగాది ముందు నుంచి వానలు పడేదాకా కొమ్మలు కొట్టకుండా ఉంటే చాలు. వీధి దీపానికి చెట్టువైపు అడ్డు పెట్టమని, చెత్తకుండీకి మూత వేయమని వార్డులో అడగాలి. అప్పటిదాకా నిద్ర చాలనివాళ్లు అవతలి గదిలో పడుకోవడం మేలు.

పక్కింటాయన గేటు మీది ఫ్లడ్‌లైట్ రాత్రంతా ఆ వేప కొమ్మల్లోకే పడుతుంది. ఒక పది రోజులు పదింటికే ఆపి చూద్దామని అడిగాను, సరేనన్నారు. నిన్న రాత్రి ఆపారు. పైకొమ్మలో కాకి గూడు ఉంది. పొద్దున ఇద్దరం కింద నిలబడి చాలాసేపు చూశాం. లోపల ఎవరి గుడ్లు ఉన్నాయో కనపడలేదు.