నాలుగు సింగిల్స్ ఎవరాడాలి?

2025 సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో, టెన్నిస్‌లో దేశాల మధ్య జరిగే డేవిస్ కప్ పోటీలో మన జట్టు ఆతిథ్య జట్టును 3-1తో ఓడించింది. యూరప్ గడ్డ మీద యూరప్ జట్టును మనం ఓడించడం 1993 తర్వాత అదే మొదటిసారి. ఆనాడు ఫ్రెజూస్‌లో లియాండర్ పేస్, రమేశ్ కృష్ణన్ ఫ్రాన్స్‌ను మట్టి కోర్టు మీదే మట్టికరిపించారు. బీల్‌లో తొలి మ్యాచ్ గెలిచిన దక్షిణేశ్వర్ సురేశ్ అప్పటికి పుట్టనే లేదు. ర్యాంకు 600 దాటిన ఈ మదురై కుర్రాణ్ని కెప్టెన్ రోహిత్ రాజ్‌పాల్ నేరుగా సింగిల్స్‌లో దించారు. ఆరున్నర అడుగుల ఎత్తు, దానికి తగ్గ సర్వ్. తనకన్నా ఎంతో మెరుగైన ర్యాంకున్న జెరోమ్ కిమ్‌ను రెండు సెట్లలో ఇంటికి పంపాడు. సుమిత్ నాగల్ రెండు సింగిల్సూ గెలిచాడు. డబుల్స్ ఓడినా పోరు మనదే అయింది.

సంబరం సబబే. అయితే సరిగ్గా ఏడాది ముందు స్టాక్‌హోంలో స్వీడన్ చేతిలో 0-4తో ఓడిన సంగతిని దీని పక్కన పెట్టి చూడాలి. వెన్నునొప్పితో నాగల్ తప్పుకోవడంతో సింగిల్స్ ఆడేందుకు మనిషి కరువయ్యాడు. చివరికి డబుల్స్‌నే నమ్ముకున్న శ్రీరామ్ బాలాజీని సింగిల్స్‌కు పంపాల్సి వచ్చింది. నూట నలభై కోట్ల దేశం ఒక్క మనిషి నడుము మీద ఆధారపడింది!

డేవిస్ కప్‌లో రెండు దేశాల మధ్య పోరంటే అయిదు మ్యాచ్‌లు. పూర్వం మూడు రోజులు, అయిదేసి సెట్లు ఆడేవారు. ఇప్పుడు రెండు రోజులు, మూడేసి సెట్లు. చివరి దశ ఫైనల్స్‌ను మినహాయిస్తే ఒక లెక్క మాత్రం మారలేదు: నాలుగు సింగిల్స్, ఒక డబుల్స్. మన బలమేమో ఆ ఒక్కదాంట్లో ఉంది. 2024 జనవరిలో నలభై మూడేళ్ల వయసులో రోహన్ బోపన్న డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు, ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచాడు. డేవిస్ కప్ చరిత్రలో అత్యధిక డబుల్స్ విజయాలు, 45, పేస్ పేరిట ఉన్నాయి. ఇంత ఘనత ఉన్నా, అయిదింట్లో ఒకటి గెలిచి పోరు గెలిచిన దేశం లేదు.

మనవాళ్లు డబుల్స్‌కే ఎందుకు మళ్లుతున్నారు? డబ్బు లెక్క చూస్తే తెలిసిపోతుంది. కుర్రాళ్లు మొదట ఆడే అంతర్జాతీయ టోర్నీల మొత్తం ప్రైజ్ మనీ 15 వేల డాలర్లు. టైటిల్ గెలిచినవాడికి 2,160 డాలర్లు దక్కుతాయి. సింగిల్స్ మొదటి రౌండులో ఓడినవాడికి 156 డాలర్లు, అంటే మన డబ్బుల్లో పదమూడు, పద్నాలుగు వేలు. విమానం టికెట్, హోటల్, తిండి, రాకెట్ గట్టింగ్ అన్నీ సొంత జేబులోంచే. కోచ్‌ను వెంట తీసుకెళ్లడం కలలో మాట. ఇలా నాలుగైదేళ్లు నష్టానికి ఆడగలిగితే తప్ప సింగిల్స్‌లో మొదటి వందలోకి దారి కనపడదు. నాగల్ దేశంలో నంబర్ వన్‌గా ఉన్న రోజుల్లోనే, 2023లో, తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలు మిగిలాయని చెప్పుకున్నాడు. కొద్ది నెలలకే ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సీడెడ్ ఆటగాడు బుబ్లిక్‌ను ఓడించాడు, 2024 జులైలో 68వ ర్యాంకుకు చేరాడు. అదే మనిషి, అదే ఆట. మధ్యలో చేతికి కాస్త డబ్బు అందింది, అంతే.

నాగల్‌ది హరియాణాలో జైత్‌పూర్ అనే పల్లె. తండ్రి బడిపంతులు. పదేళ్ల వయసులో మహేశ్ భూపతి నడిపిన శిక్షణ పథకానికి ఎంపిక కాకపోయి ఉంటే ఈ పేరు మనం వినేవాళ్లం కాదు. ఆ పథకం రెండేళ్లకే మూతపడింది. అది సాగి ఉంటే ఇవాళ ఎందరు నాగల్‌లు ఉండేవారో.

ఇక మన సంగతి. తెలంగాణకు డేవిస్ కప్ కొత్త కాదు. మన దేశం ఈ పోటీలో అడుగుపెట్టింది 1921లో. 1924, 1925లలో హైదరాబాదీ ఎస్.ఎం. హాదీ ఆ జట్టులో ఆడారు. రంజీ ట్రోఫీలో తొలి సెంచరీ కూడా ఆయనదే. ఏడు ఆటలు ఆడేవాడని ‘రెయిన్‌బో హాదీ’ అన్నారు. తర్వాతి కాలంలో ఎస్.పి. మిశ్రా ఆటగాడిగా, ఆపై కెప్టెన్‌గా పనిచేశారు. విష్ణువర్ధన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పేస్‌కు జోడీ అయ్యాడు. బీల్‌లో బాలాజీతో కలిసి డబుల్స్ ఆడింది మన రిత్విక్ చౌదరి బొల్లిపల్లి. ఇక ఆడపిల్లల టెన్నిస్ అంటే సానియా మీర్జా. చూశారుగా, అన్నీ హైదరాబాద్ పేర్లే. యాదగిరిగుట్ట దాటి ఇటు ఓరుగల్లు వైపు వస్తే ఒక్క పేరూ తట్టదు.

ఇటు ఆటగాళ్లు పుట్టరా అంటే అదేం కాదు. పర్వతగిరి మండలం కల్లెడ ఒక్క ఊరే ఇద్దరిని ఇచ్చింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో వర్ధినేని ప్రణీత విల్లు పట్టింది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో జీవంజి దీప్తి కాంస్యం తెచ్చింది. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022, 2023లలో వరుసగా ప్రపంచ బాక్సింగ్ చాంపియన్. పరుగుకు గ్రౌండ్ చాలు. బాక్సింగ్‌కు రింగు, ఒక గురువు చాలు. వీటికి గేటు లేదు, మెంబర్‌షిప్ లేదు. టెన్నిస్‌కు రెండూ ఉన్నాయి.

మన పట్టణాల్లో ఏ క్లబ్బుకైనా పొద్దున ఆరింటికి వెళ్లి చూడండి. అప్పటికే మార్కర్, అంటే కోర్టు చూసుకునే క్లబ్బు ఉద్యోగి, కోర్టు తడిపి, చదును చేసి, సున్నంతో గీతలు దిద్ది ఉంటాడు. డాక్టర్లు, అధికారులు, వ్యాపారులు ఒక్కొక్కరే వస్తారు. ఆడేది డబుల్సే. నలభై అయిదు దాటాక మోకాళ్లు సింగిల్స్‌కు ఒప్పుకోవు మరి! నలుగురిలో ఒకరు రాకపోతే మార్కర్ దిగుతాడు. ఆ కోర్టు మీద అందరికంటే బాగా ఆడేది అతనే. అయినా సారు కొట్టగలిగే ఎత్తులో, సారు చేతికే వచ్చేలా బంతి వేయడమే అతని పని. ఎనిమిదిన్నరకు అంతా ఆఫీసులకు వెళ్లిపోతారు, గేటుకు తాళం పడుతుంది. సాయంత్రం దాకా ఆ కోర్టు మీద కాకులు తప్ప ఎవరూ ఉండరు. గోడకు అవతల బడి పిల్లలు పి.ఇ.టి. పీరియడ్‌లో ఒకే ఒక్క వాలీబాల్ చుట్టూ మూగి ఉంటారు.

సభ్యుల మీద మాకేం కోపం లేదు. వాళ్లే లేకపోతే ఆ కోర్టులు ఎప్పుడో ఫంక్షన్ హాళ్లు అయ్యేవి. మేం అడిగేది ఖాళీగా ఉన్న గంటల గురించే. క్లబ్బు భూముల్లో చాలావరకు ప్రభుత్వానివే. చాలాచోట్ల క్లబ్బు అధ్యక్షుడి కుర్చీ జిల్లా అధికారిదే. మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా సర్కారు బడుల పిల్లలకు కోర్టు వదలడానికి, ఆ రెండు గంటలకు మార్కర్‌కు శిక్షకుడిగా వేరే జీతం ఇవ్వడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. పాత రాకెట్లు సభ్యుల ఇళ్లలో మూలన పడి ఉన్నాయి. అలా ఆడించే వందమందిలో ఇద్దరు తేలితే వాళ్లను హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలలకు పంపే దారి ఉండాలి. ఆ పాఠశాలల్లో టెన్నిస్‌కు సరైన కోర్టులు, కోచ్‌లు ఉండాలి.

రెండోది టోర్నీలు. వరసగా 2023, 2024, 2025లలో ఇటలీ డేవిస్ కప్ గెలిచింది. మూడోసారి వాళ్ల మేటి ఆటగాడు సినర్ ఆడనేలేదు, మరో అగ్రశ్రేణి ఆటగాడు ముసెట్టి కూడా లేడు. అయినా గెలిచింది. ఎందుకంటే ఇటలీలో చిన్న ఊళ్లు కూడా ర్యాంకింగ్ పాయింట్లు ఇచ్చే చాలెంజర్, ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీలు నడుపుతాయి. అక్కడి కుర్రాడు రైలెక్కి వెళ్లి పాయింట్లు సంపాదించుకుంటాడు. మన కుర్రాడు ఆ పాయింట్ల కోసం విమానం ఎక్కాలి. 2021లో హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు నిర్వహించింది. దేశం నలుమూలల నుంచి అథ్లెట్లు వచ్చారు, ఊరు వాళ్లను చక్కగా చూసుకుంది. నాలుగు మంచి కోర్టులు వేస్తే ఏడాదికో 15 వేల డాలర్ల టోర్నీ ఓరుగల్లుకు భారం కాదు.

ఢిల్లీలో అఖిల భారత టెన్నిస్ సంఘం పెద్దలు కూడా కళ్లు తెరవాలి. 2013లో మంచి ఫిజియో కావాలని, ప్రైజ్ మనీలో న్యాయమైన వాటా కావాలని అడిగిన ఎనిమిది మంది ఆటగాళ్లు జట్టుకు దూరమయ్యారు. పేస్ తప్ప మిగతా అంతా కొత్తవాళ్లతో ఆడి సొంతగడ్డ మీద దక్షిణ కొరియా చేతిలో 1-4తో ఓడాం. పదకొండేళ్ల తర్వాత నాగల్ పారితోషికం అడిగాడని సంఘం మళ్లీ బహిరంగంగా తప్పుపట్టింది. ఆటగాడు పని చేసి కూలి అడిగితే దేశభక్తి లేదనడం మనకు అలవాటైపోయింది.

నిజానికి దేశం కోసం ఏం వదులుకోవాలో ఈ జట్టుకు ఎవరూ నేర్పాల్సిన పనిలేదు. మనం మూడుసార్లు ఫైనల్ చేరాం. 1966లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా చేతిలో, 1987లో గోథెన్‌బర్గ్‌లో స్వీడన్ చేతిలో ఓడాం. 1974లో మాత్రం ఓడలేదు, ఆడలేదు. కలకత్తాలో ఆస్ట్రేలియాను 327 గేమ్‌ల మారథాన్‌లో దాటి, పుణేలో సోవియట్ యూనియన్‌ను గెలిచి వచ్చిన విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్ సోదరుల చేతికి కప్పు అందేలా ఉంది. ఎదుట దక్షిణాఫ్రికా. వర్ణవివక్ష ప్రభుత్వం ఉన్న దేశంతో ఆడేది లేదని భారత్ తప్పుకుంది. కప్పు వాళ్లకు వెళ్లింది. ఆ ఆటగాళ్లకు అంత మంచి అవకాశం మళ్లీ రాలేదు.

ఇప్పుడు వదులుకోవాల్సింది ఆటగాళ్లు కాదు. మధ్యాహ్నం రెండు గంటలు క్లబ్బులు వదులుకోవాలి. వరంగల్, హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్ కలెక్టర్లు వేసవి సెలవుల్లోనే దీన్ని మొదలుపెట్టవచ్చు. జూన్‌లో బడులు తెరిచేసరికి ఏ కోర్టులో ఎంతమంది పిల్లలు రాకెట్ పట్టారో ఈ పత్రిక అడుగుతుంది, వచ్చిన జవాబు అచ్చేస్తుంది.