ఈ రికార్డును దయచేసి ఎవరూ వినొద్దు

ఈమధ్య కొందరు పెద్దమనుషులు చేస్తున్న ఒక అన్యాయాన్ని ప్రజల దృష్టికి తేవడం నా విధి అనుకుంటున్నాను. డెబ్భైల నాటి బ్రిటిష్ హార్డ్ రాక్‌లో "మరుగున పడ్డ ఆణిముత్యాలు" అంటూ పాత ఎల్పీలను ఒక్కొక్కటిగా బయటికి లాగి, దుమ్ము దులిపి, దారినపోయే ప్రతివాడికీ వినిపిస్తున్నారు. ఇప్పుడు వాళ్ళ కన్ను పెయిస్ ఆష్టన్ లార్డ్ అనే బృందం మీద పడింది. 1977లో వాళ్ళు విడుదల చేసిన ఒకే ఒక్క స్టూడియో రికార్డు 'మాలిస్ ఇన్ వండర్‌ల్యాండ్'. ఆణిముత్యమే, కాదనను. కానీ మరుగున పడి ఉండటం దాని జన్మహక్కు. నాలుగు దశాబ్దాలు దాటి కష్టపడి నిలబెట్టుకున్న అనామకత్వాన్ని ఎవడో వచ్చి చెడగొడతానంటే చూస్తూ ఊరుకోవాలా?

ఇలాంటి బృందాన్ని సూపర్ గ్రూపు అంటారు. ఆ సంగతి తెలియని అమాయకుల కోసం రెండు ముక్కలు. ఒక పెద్ద బ్యాండు కొట్టుకుని విడిపోతుంది. అందులోంచి ఒకరిద్దరు, ఇంకో బ్యాండులోంచి అలిగి వచ్చినవాడొకడు ఒకచోట చేరతారు. పత్రికలు ఆహా అంటాయి. ఎవరి అభిమానులు వాళ్ళు, తమ హీరో పాత బాణీనే మళ్ళీ వాయిస్తాడని ఆశపడతారు. ఆయన వాయించడు. ఏడాది తిరక్కుండా దుకాణం కట్టేస్తారు. మన మల్టీస్టారర్ సినిమాల జాతకమే అనుకోండి. దాదాపు అదే రోజుల్లో యురియా హీప్ అనే బ్యాండు సాగనంపిన పాటగాడు డేవిడ్ బైరన్, హంబుల్ పై బ్యాండు గిటారిస్టు క్లెమ్ క్లెంప్సన్, అంతకుముందు వింగ్స్ బ్యాండులో డ్రమ్స్ వాయించిన జెఫ్ బ్రిటన్ కలిసి 'రఫ్ డైమండ్' పెట్టారు. ఒక రికార్డు వేశారు, బైరన్ బయటికి నడిచాడు. పదిమంది చేతిలో పాము చావదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

అయినా ఈ కళలో పెయిస్ ఆష్టన్ లార్డ్‌ను మించినవాళ్ళు లేరని నా గట్టి నమ్మకం. వీళ్ళు ఓడిపోవడానికి పడ్డ శ్రమ అంతా ఇంతా కాదు.

ముందు వాళ్ళకున్న ఆస్తి చూడండి. డీప్ పర్పుల్ అనే పెద్ద హార్డ్ రాక్ బ్యాండు 1968లో మొదలై 1976 మార్చిలో లివర్‌పూల్ కచేరీతో చాప చుట్టేసేదాకా, పాటగాళ్ళు మారినా గిటారిస్టు మారినా కదలకుండా కూర్చున్నది ఇద్దరే. హామండ్ ఆర్గన్ అనే కీబోర్డు మీద జాన్ లార్డ్, డ్రమ్స్ మీద ఇయన్ పెయిస్. 1972లో లండన్ రెయిన్‌బో థియేటర్‌లో 117 డెసిబెల్స్ మోత పుట్టించి, ముగ్గురు శ్రోతలను స్పృహ తప్పించి, గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన బ్యాండు వాళ్ళది. ఇంత చెవిటి కీర్తి చేతిలో ఉన్నవాడు ఏం చేయాలి? అదే మోత ఇంకొంచెం పెంచి అమ్ముకోవాలి. వీళ్ళు మోత తగ్గించారు. ట్రంపెట్లు, శాక్సఫోన్లు తెచ్చారు, వెనక పాడటానికి ఆడగొంతులు పెట్టారు, ఫంక్ అనే నాట్యపు నడకలో పాటలు కట్టారు. తల ఊపడానికి జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళను నడుం ఊపమన్నారు.

ఇక పాడటానికి ఎవరిని పిలిచారు? టోనీ ఆష్టన్‌ను. ఆయన అసలు కీబోర్డు వాయించేవాడు. కీబోర్డుకు జాన్ లార్డ్ ఉండగానే ఇంకో కీబోర్డు ఆయన్ని తెచ్చుకోవడం ఎంత దూరాలోచనో గమనించాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ ఇమిడాయి, అదే వచ్చిన చిక్కు. ఇద్దరూ ప్రాణస్నేహితులు. 1974లోనే కలిసి ఒక రికార్డు చేశారు. ఒకరి మీద ఒకరు పైచేయి కోసం కొట్టుకుని ఉంటే కనీసం పత్రికల్లోనైనా బతికేవాళ్ళు.

ఆష్టన్ గొంతు గురించి చెప్పాలి. అది హార్డ్ రాక్ కేక కాదు. రాత్రి పదకొండు దాటాక పబ్బులో పియానో ముందు కూర్చున్నాయన, పక్క బల్ల వాళ్ళతో కబుర్లు చెబుతూ చెబుతూ పాటలోకి జారినట్టు ఉంటుంది. ఆష్టన్ గార్డ్‌నర్ అండ్ డైక్ అనే బృందం పేరుతో 1971లో 'రిసరెక్షన్ షఫుల్'ను బ్రిటన్‌లో మూడో స్థానం దాకా తీసుకెళ్ళిన గొంతు అది. చిన్న క్లబ్బుల మనిషి. పెద్ద స్టేజీ ఎక్కితే ఆయనకు కాలూ చెయ్యీ ఆడేది కాదు. ఒక ప్రదర్శనలో చీకట్లో స్టేజీ మీంచి పడి కాలు కూడా విరగ్గొట్టుకున్నాడు. ఈ రికార్డులో ఆయన తాగుడు మానేస్తానంటూ పాడిన పాట ఒకటుంది. ఆ మాటను బృందంలో ఎవరైనా నమ్మారో లేదో గాని, నేను మాత్రం విన్న ప్రతిసారీ నమ్ముతాను.

రికార్డు చేసిన చోటు కూడా సామాన్యమైంది కాదు. మ్యూనిక్‌లోని మ్యూజిక్‌ల్యాండ్ స్టూడియో. అరబెల్లా హౌస్ అనే ఎత్తైన భవనం నేలమాళిగలో ఉండేది. ఈ రికార్డులో ఒక పాట పేరు 'అరబెల్లా'. ఆమె కోసం వీళ్ళు మ్యూనిక్ వెళ్ళారా, మ్యూనిక్ వెళ్ళాక దొరికిందా అన్నది పీహెచ్‌డీ విద్యార్థులకు వదిలేస్తున్నాను. ఇంతకంటే ముఖ్యమైన సంగతి, వీళ్ళు రికార్డు చేసిన 1976లోనే, అదే స్టూడియోలో అదే నిర్మాత మార్టిన్ బర్చ్ చేతి కింద, డీప్ పర్పుల్‌లో వీళ్ళ పాత సహచరుడైన గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ 'రెయిన్‌బో రైజింగ్' చేసి వెళ్ళాడు. గోడలూ అవే, మైకులూ దాదాపు అవే అయి ఉంటాయి. ఆ రికార్డును ఇప్పటికీ జనం నెత్తిన పెట్టుకుంటున్నారు. వసతులు లేక ఓడిపోయామని వీళ్ళు చెప్పుకోవడానికి బ్లాక్‌మోర్ సందు కూడా ఉంచలేదు.

విడుదల ముహూర్తం ఎవరు పెట్టారో గాని వారికి పాదాభివందనం. 1977 అంటే లండన్ కుర్రాళ్ళు చొక్కాలకు సేఫ్టీపిన్నులు గుచ్చుకుని, గిటార్ మీద మూడు స్వరాల కూర్పులు (కార్డ్స్) వస్తే చాలు ఎవడైనా బ్యాండు పెట్టొచ్చని తేల్చేసిన పంక్ రాక్ సంవత్సరం. సరిగ్గా అప్పుడు, వాయిద్యం చేతకానివాడు ఒక్కడూ లేని బృందం, ట్రంపెట్లూ శాక్సఫోన్ల దండును వెంటబెట్టుకుని, రెండు కీబోర్డులతో వీధిలోకి వచ్చింది. మొత్తం ఐదు కచేరీలు చేశారు. ఒకటి బీబీసీ రికార్డు చేసుకుంది. రెండో రికార్డు సగంలో ఆపేశారు.

ఈ బృందం పేరులో చోటు లేనివాళ్ళు ఇద్దరు. గిటారిస్టు బెర్నీ మార్స్‌డెన్, బేస్ వాయించిన పాల్ మార్టినెజ్. బోర్డు మీద పేరుకు కూడా నోచుకోని మార్స్‌డెన్, 1978లో డీప్ పర్పుల్ చివరి పాటగాడు డేవిడ్ కవర్‌డేల్‌తో వైట్‌స్నేక్ అనే బ్యాండులో చేరాడు. లార్డ్, పెయిస్ కూడా ఒకరి వెనక ఒకరు అక్కడికే చేరారు. కవర్‌డేల్‌తో కలిసి మార్స్‌డెన్ రాసిన ఒక పాట కొన్నేళ్ళకు అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళింది. అంటే పేరున్న ముగ్గురి కంపెనీ మూతపడితే, పేరులేని కుర్రాడు లాభంతో బయటపడ్డాడు. మార్టినెజ్ 1985లో లైవ్ ఎయిడ్ అనే సహాయ కచేరీ వేదిక మీద లెడ్ జెప్లిన్ బ్యాండు పక్కన బేస్ పట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు మాలాంటి రికార్డు ప్రియుల బాధ వినండి. మేం ఎల్పీని కవరులోంచి తీస్తాం, అంచులు మాత్రమే పట్టుకుంటాం, దీపం కింద వాల్చి గీతలు వెతుకుతాం, లేబుల్ పక్కన నున్నటి చోట గీకిన అంకెలు భూతద్దంతో చదువుతాం, తృప్తిగా మళ్ళీ కవరులో పెట్టేస్తాం. ముల్లు తగిలితే రికార్డు నాణ్యతకు ఇచ్చే గ్రేడింగ్ పడిపోతుంది కదా. రాత్రి స్నేహితుల దగ్గర "మీరు వినుండరులే" అంటాం. ఆ ఒక్క మాట కోసమే ఈ సంసారమంతా. రేపు అందరూ వినేస్తే మేం ఎవరిని చూసి జాలిపడాలి? ఇప్పటికే సీడీ వేసినప్పుడు వదిలేసిన రెండో రికార్డు పాటలు కూడా తెచ్చి చేర్చారు. ఓటమిని ఇలా పూర్తి చేసి అమ్మడం ఏం మర్యాద?

అదృష్టవశాత్తూ 1980లో నాజరెత్ అనే స్కాట్లండ్ బ్యాండు సరిగ్గా ఇదే పేరుతో ఒక రికార్డు వేసి మాకు మహోపకారం చేసింది. మీరు దుకాణానికి వెళ్ళి 'మాలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' కావాలని అడిగితే నూటికి తొంభైసార్లు అదే చేతిలో పెడతారు. దయచేసి మారు మాట్లాడకుండా డబ్బిచ్చి తీసుకెళ్ళండి. అదీ బాగానే ఉంటుంది.