మామగారు తల ఊపారు

మలేషియాలోని పెనాంగ్‌లో, కోపిటియం అనే కాఫీ హోటల్లో టిఫిను చెయ్యాలంటే కాస్త లోకజ్ఞానం కావాలి. హాలు ఒకరిది, కాఫీ టీలు కూడా ఆయనవే. గోడవారగా ఉన్న నూడుల్స్ బళ్లు మాత్రం ఎవరివి వాళ్లవే. మనమే బండి దగ్గరికెళ్లి కావలసింది చెప్పి, ఫలానా టేబులని వేలు చూపించి వచ్చి కూర్చోవాలి. గిన్నె వచ్చాక డబ్బులివ్వాలి. బిల్లు లేదు, టోకెన్ లేదు, అంతా నమ్మకమే. రద్దీ వేళ గిన్నె తెచ్చిన కుర్రాడు టేబుల్ మర్చిపోతే "లక్సా? లక్సా?" అని అడుగుతూ హాలంతా తిరుగుతాడు.

అలాంటి చోట శనివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి, టేబుల్ పోకుండా చూడమని మామగారిని కూర్చోబెట్టి మేం తలో బండి దగ్గరికీ వెళ్లాం.

మామగారు తెనాలిలో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పెనాంగ్‌లోని ఈ జార్జ్‌టౌన్ ఊరికి 2008లో యునెస్కో గుర్తింపు వచ్చిందని కౌలాలంపూర్ నుంచి కారులో దారంతా చెబుతూనే ఉన్నారు. అన్నీ తెలిసిన మనిషే గానీ, ఎదుటివాడు గరిటె పట్టుకుని నిలబడితే వద్దనడం ఆయన దృష్టిలో అమర్యాద. పైగా మన తల ఊపుడు ఒకటుంది కదా. అవును, కాదు, అలాగే, చూద్దాంలే, అన్నీ అందులోనే ఉంటాయి. "అంకుల్, కర్రీ మీ?" అన్నాడట కుర్రాడు. 'మీ' అంటే ఇక్కడ నూడుల్స్. ఈయన తల ఊపారు. గిన్నె దిగింది. డబ్బులడిగితే క్యూలో నిలబడ్డ నా వీపు చూపించారు. ఈ కబురు మిగతా కుర్రాళ్లకి ఎలా అందిందో గానీ, దారి తప్పిన గిన్నెలన్నీ మా టేబుల్‌కే చేరాయి.

నేను తిరిగొచ్చేసరికి గిన్నెకొక అప్పులవాడు నాకోసం నిలబడి ఉన్నాడు. అందరికీ రింగిట్లు లెక్కపెట్టి ఇచ్చాను. పక్క టేబుల్ పెద్దాయన మా హొక్కియెన్ మీ వంక, అంటే నిజానికి ఆయన హొక్కియెన్ మీ వంక, దిగులుగా చూస్తున్నాడు. కౌలాలంపూర్‌లో అదే పేరుతో నల్లగా వేయించిన లావుపాటి నూడుల్స్ ఇస్తారు. ఇక్కడేమో రొయ్య పెంకులు మరిగించిన ఎర్రటి చారులో వేసిస్తారు. ఈ రెండిట్లో ఏది అసలుదని మలేషియావాళ్లనే అడగండి, టిఫిను కాస్తా భోజనాల వేళ దాకా సాగుతుంది.

ఈలోగా శాకాహారం బండి నుంచి బీహూన్ అనే బియ్యపు సేమ్యా పట్టుకుని అత్తయ్యగారు వచ్చారు. శనివారం ఇద్దరూ నీసు ముట్టరు. ఆవిడ గిన్నెల్ని ఒక్కొక్కటే తనిఖీ చేశారు. చార్ కోయ్ తియౌ అనే వేపుడు నూడుల్స్‌లో రొయ్యలు కనబడుతూనే ఉన్నాయి, పందికొవ్వు సంగతి నేను ఎత్తలేదు. కర్రీ మీలో కొబ్బరిపాలు, టోఫూ, వాటి మధ్య ముదురు గోధుమరంగు ముక్కలు.

"ఇవేంటి బాబూ, జున్నా?"

గడ్డకట్టించిన పంది రక్తం అని అత్తగారికి ఏ అల్లుడు చెప్పగలడు? గిన్నె నా వైపు లాక్కున్నాను.

"అవేవీ నేను ముట్టలేదు అల్లుడుగారూ," అన్నారు మామగారు. "ఈ చింతపండు పులుసు ఒక్కటే. పుదీనా, అనాసపండు ముక్కలు కనబడ్డాయి, మనదేలే అనుకున్నా."

అది అస్సాం లక్సా, అంటే పుల్లటి పులుసు నూడుల్స్. అప్పటికే సగం పైగా ఖాళీ. కానాగంత చేపల్ని ఉడికించి, ముళ్లు తీసి, ఆ పులుసులోనే మెదిపేస్తారు. ముక్కంటూ కనబడదు. పైన నల్లగా వేసేది రొయ్యల ముద్ద. మా ఆవిడ మెల్లగా ఈ సంగతి బయటపెట్టింది.

"అందుకే ఎక్కడో తిన్నట్టుంది," అన్నారు మామగారు, చెంచా మాత్రం కింద పెట్టకుండా.

"శనివారమండీ!" అన్నారు అత్తయ్యగారు.

మామగారు చేతి గడియారం చూసుకున్నారు. మలేషియా వచ్చాక కూడా దాని ముల్లు తిప్పలేదు. "మనకింకా ఆరే. చలికాలం, ఆరున్నర దాటితే గానీ తెల్లారదు. సూర్యోదయం కాకుండా వారం ఎలా మారుతుంది? తెనాలిలో ఇది శుక్రవారమే."

అత్తయ్యగారు బీహూన్ కలుపుకుంటూ కాసేపు లెక్కేసుకున్నారు. "సరే. అయితే రేపు ఇక్కడ తొమ్మిది దాటేదాకా మీకు శనివారమే. రేపు పొద్దున్న అల్లుడుగారు రొయ్యలు తింటారు, మీరు నాతో బీహూన్ తింటారు."