మహారాజశ్రీ ‘ఎడమ నుండి కుడికి’ గారికి

మహారాజశ్రీ ‘ఎడమ నుండి కుడికి’ గారి సముఖమునకు, కోనసీమలో గౌతమీ తీరాన ఉన్న ఒక పల్లె నుండి తమ పాత పరిచయస్థుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపం. ఇక్కడ మేమందరం క్షేమం. తమరి క్షేమసమాచారం ఎవరిని అడిగినా చెప్పలేకపోవడం వల్ల ఈ ఉత్తరం వ్రాయవలసి వచ్చింది.

విశ్వవిద్యాలయాలలో తీసిన గ్రూపు ఫోటోల అడుగున, మందపాటి అట్ట మీద, ‘కూర్చున్నవారు’ అన్న మాట పక్కనే తమరి కాపురం. ఫోటో చేతికి వచ్చిన రోజున తమరి వంక చూసేవాడు ఒక్కడూ ఉండడు. ఆ రోజున అందరికీ అందరూ తెలుసు కనుక, ఎవరి క్రాపు ఎలా పడింది, ఎవరు కళ్లు మూశారు, ఎవరి వెనుక నిలబడడానికి ఎవరు తాపత్రయపడ్డారు అన్నవే చర్చనీయాంశాలు. నలభై ఏళ్లు గడిచి, ఆ క్రాపులు రాలిపోయి, ఆ కళ్లలో కొన్ని నిజంగానే మూతపడిన తరువాత తమరి కోసం వెతుకుతాము. అప్పటికి తమరు ఉండరు.

ముందుగా తమరి మీద నాకున్న అభియోగాలను విన్నవించుకోనివ్వండి. తమరికి మర్యాద ఎక్కువ, న్యాయం తక్కువ. కుర్చీల వరుసలో ఉన్నవారికి డిగ్రీలతో, హోదాలతో సహా నిండు పేర్లు వ్రాసి, నిలుచున్నవారి దగ్గరకు వచ్చేసరికి ఇంటిపేర్లను పొడి అక్షరాలు చేసి, మూడవ వరుసకు చోటు చాలక ఆ పొడి అక్షరాలను కూడా చీమలబారు వలె కుదించివేస్తారు. అన్నవరం సత్యదేవుని కరుణ వల్ల మా గోదావరి జిల్లాలలో సత్యనారాయణలకు ఏనాడూ కొరత లేదు. మా తరగతిలోనే ముగ్గురు ఉన్నారు; ముగ్గురి ఇంటిపేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. తమరు ముగ్గురినీ ‘కె. సత్యనారాయణ’ అని మూడు చోట్ల అచ్చువేసి, ఎవరు ఎవరో తేల్చుకొనే భారాన్ని ముందు తరాలకు వదిలివేశారు. కుర్చీలో ఉన్నవారికి నిజానికి తమరి అవసరమే తక్కువ. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఏ ఫోటోలో కూర్చున్నా, ఆ తెల్లని తలపాగాను చూసి బడిపిల్లవాడైనా గుర్తుపడతాడు. ఆయన వెనుక మూడవ వరుసలో మెడ చాచి నిలుచున్న కుర్రవాడికి మాత్రం తమరు తప్ప దిక్కు లేదు.

రెండవ అభియోగం ఇంతకన్నా గట్టిది. 1981లో మేము ఎమ్మెస్సీ ముగించి ఫోటోకు నిలబడిన రోజున, ఇంటికి వెళ్లి తిరిగి వస్తున్న మిత్రుడొకడు కోటిపల్లి రేవులో పంటు తప్పిపోయి సమయానికి అందుకోలేకపోయాడు. అయినా ‘గైర్హాజరు’ అన్న మాట పక్కన అతని పేరు నిక్షేపంగా అచ్చయింది. ఉదయం నుండి కుర్చీలు మోసి, వాటిని తుడిచి, బెంచీల మీద బెంచీలు ఎక్కించి మా అందరికీ మెట్లు కట్టి, చివరి క్షణంలో ఎవరో పిలిస్తే తువ్వాలు భుజం మీద సర్దుకొని ఎడమ చివర నిలబడిన ప్రయోగశాల అటెండరు పేరు మాత్రం లేదు. తమరు ఎడమ నుండి మొదలవుతామని చెప్పుకుంటూనే, ఆ ఎడమ చివరి మనిషిని దాటుకొని రెండవ వాడితో మొదలయ్యారు. రానివాడికి పేరు దక్కింది, వచ్చినవాడికి దక్కలేదు.

ఇంత అన్నా తమరి నివాసం సంగతి తలచుకుంటే జాలి వేస్తుంది. ఫోటో కాగితం మీద జెలటిన్ పొర, ఆ పొరలో వెండి రేణువులు ఉంటాయి. తీసినవాడు సరిగా కడిగి ఉంటే ఆ వెండి వందేళ్లయినా నిలుస్తుంది. తమరు నివసించేది వెండి మీద కాదు, చవకరకం అట్ట మీద. అట్టలోని ఆమ్లం దానిని లోపలి నుండే కాలుస్తూ అంచులను అప్పడాలుగా మారుస్తుంది. అతికించిన మైదా జిగురు కోసం పురుగులు వస్తాయి. కాలువలు, చెరువులు, ఏటిగాలి కలిసిన మా డెల్టా తేమ వీటన్నిటికీ పాలు పోసి పెంచుతుంది. తేమ నేల నుండి పైకి ఎక్కుతుంది కనుక, ముందు తడిసేది పటం అడుగు. తమరిని అడుగున పెట్టిన మహానుభావుడు ఎవరో గాని గోదావరి జిల్లాలవాడు అయి ఉండడు.

మా ఇంట్లో జరిగింది అదే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చినప్పుడు, గోడ నానుతున్నదని మా అమ్మ పటాన్ని దింపి ట్రంకుపెట్టె మీద నిలబెట్టింది. నీళ్లు పెట్టె మూతను దాటి రెండు అంగుళాలు ఎక్కి ఆగాయి. నీరు తీసిన తరువాత చూస్తే మా ముఖాలన్నీ క్షేమంగా ఉన్నాయి. తమరు ఒండ్రులో కలిసిపోయారు. గోదావరికి మనుషుల మీద కోపం లేదు, పేర్ల మీదనే ఉన్నదని ఆనాడు అనుకున్నాను. మనుషుల మీద కూడా ఉన్నదని ఎగువ లంకల నుండి వచ్చిన కబుర్ల వల్ల తరువాత తెలిసింది.

అయినా నేను నిశ్చింతగానే ఉన్నాను, ఎందుకంటే అమలాపురంలో ఒక సహాధ్యాయి ఇంట్లో అదే ఫోటో మరో ప్రతి ఉన్నది. మేడమీద గదిలో ఉండడం వల్ల దానిని వరదా తాకలేదు, 1996 నవంబరు 6 నాటి తుపాను కూడా, కొబ్బరి తోటలను పడగొట్టింది గాని, దానిని పడగొట్టలేదు. అందులో తమరు పొడి అక్షరాలతో సహా సజీవంగా ఉన్నారు. అటువంటి సమయంలో మా విశ్వవిద్యాలయానికి తన చరిత్ర గుర్తుకు వచ్చింది. అది ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. ఎవరు చదివినా తమదే అనుకుంటారు కనుక చెప్పవలసిన అవసరమూ లేదు. ఏదో ఉత్సవం సందర్భంగా పూర్వ విద్యార్థులు తమ దగ్గర ఉన్న పాత ఫోటోలను పంపితే విశ్వవిద్యాలయ చరిత్రను భద్రపరుస్తామని ప్రకటన ఇచ్చారు. మా మిత్రుడు ఆ పటాన్ని పసిపిల్లను తీసుకువెళ్లినట్లు ఒడిలో పెట్టుకొని బస్సులో తీసుకువెళ్లి అప్పగించి వచ్చాడు.

మూడు నెలల తరువాత అది తిరిగి వచ్చింది. అట్ట లేదు. బొమ్మ అంచు వెంబడి నాలుగు వైపులా చక్కగా కోసిన ఫోటో ఒక ప్లాస్టిక్ సంచిలో ఉన్నది. ఫోను చేసి అడిగితే అవతలి కుర్రవాడు ఎంతో వినయంగా, “అట్ట బూజు పట్టిందండి, మిగతా ఫోటోలకు అంటుకుంటుందని బ్లేడుతో కోసి తీసేశామండి, స్కానుకు ఫోటో ఒక్కటీ చాలు కదండీ” అన్నాడు. అట్ట మీద ఏమి వ్రాసి ఉన్నదని అడిగితే, “ఏవో పేర్లండి” అన్నాడు. గోదావరికి రెండు పగళ్లూ ఒక రాత్రీ పట్టిన పనిని చరిత్ర పరిరక్షణ విభాగం ఒక బ్లేడుతో రెండు నిమిషాలలో ముగించింది.

ఆ తరువాత ప్రదర్శనకు కూడా వెళ్లాము. పొడవైన నడవలో మా ఫోటోను పెద్దది చేసి వేలాడదీశారు. దాని కింద ‘పూర్వ విద్యార్థుల అరుదైన చిత్రం’ అని ఒక పంక్తి ఉన్నది. దాని పక్కనున్న చిత్రం కిందా అదే పంక్తి, ఆ పక్కదాని కిందా అదే. మొత్తం 12 అరుదైన చిత్రాలను లెక్కపెట్టాను. నడవ మొదట్లో మాత్రం తమరు దర్శనమిచ్చారు. ప్రదర్శనను ప్రారంభిస్తున్న ప్రముఖుల రంగుల ఫోటో కింద, బంగారు రంగు అక్షరాలలో, ఎడమ నుండి కుడికి, ఒక్కరి హోదా కూడా తప్పిపోకుండా విలసిల్లుతున్నారు. రిబ్బను పళ్లెం పట్టుకున్న అమ్మాయికి మాత్రం ఎప్పటివలెనే పేరు లేదు. తమరి పాత అలవాటు పోలేదని సంతోషించాను.

ఇంటికి వచ్చి నేనూ మా మిత్రుడూ తమరిని మళ్లీ నిర్మించే పనికి పూనుకున్నాము. ఫోటోను పెద్దదిగా అచ్చు తీయించి, 34 ముఖాల మీదా అంకెలు వేసి, ఒక్కొక్కరి ఇంటికి విడివిడిగా వెళ్లి అడిగాము. నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి అడిగితే గొంతు పెద్దదైన వాడి జ్ఞాపకమే అందరి జ్ఞాపకం అవుతుందని మొదటి రోజునే తెలిసింది. వేరువేరుగా అడిగిన ఇద్దరు ఒకే పేరు చెబితే సిరాతో, ఒక్కరే చెబితే పెన్సిలుతో పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఒక పుస్తకంలో వ్రాసుకున్నాము. ముమ్మిడివరం మిత్రుడి దగ్గర మాత్రం తమరి వల్లనే పెద్ద చిక్కు వచ్చింది. ఎడమ అంటే చూసేవాడి ఎడమ అని ప్రపంచం అనుకుంటుంది గాని, అతని దృష్టిలో ఫోటోలో ఉన్నవాడి ఎడమ. “నా ఎడమ చెయ్యి ఏదో నాకు తెలియదంటావా?” అని అతను అడిగిన ప్రశ్నకు ఇంతవరకు మా దగ్గర సమాధానం లేదు, అతను చెప్పిన పేర్లన్నిటినీ తిరగవేసి వ్రాసుకున్నాము. మరొకరి దగ్గర ఉన్న చిన్న ప్రతిలో అయితే బొమ్మే తిరగబడి ఉన్నది. నెగెటివును వెనుక వైపుకు తిరగవేసి అచ్చు తీసిన పుణ్యాత్ముడి వల్ల అందులో మా చొక్కా జేబులన్నీ కుడి వైపున, వాచీలన్నీ కుడి చేతికి, ఆడపిల్లల పైటలు కుడి భుజాల మీద ఉన్నాయి. దానిని పట్టుకొని తమరు ఏ వైపు నుండి నడిచినా తప్పే అవుతుంది.

ఆడపిల్లలు నలుగురే. తమరు వ్రాసిన ఇంటిపేర్లు పెళ్లిళ్లతో మారిపోయినందున వారిని వెతకడానికే ఎక్కువ కాలం పట్టింది. వారిలో పాలకొల్లులో స్థిరపడినామె ఒక్కరే, అద్దాలు తుడుచుకొని గంటసేపట్లో ముగ్గురు సత్యనారాయణలనూ వేరుచేసి ఇచ్చారు. ఒకడు ఎప్పుడూ పై గుండీ పెట్టుకోడట, ఇంకొకడికి చెవి దగ్గర పుట్టుమచ్చ ఉండేదట, మూడవవాడు ఆమె నోటుపుస్తకం తీసుకొని ఇంతవరకు తిరిగి ఇవ్వలేదట.

ఈ సందర్భంలోనే మా నాన్నగారి పాత ఫోటో ఒకటి అటక మీద నుండి దిగింది. ఆయన చదివినది ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు చేరిన ఆ విశ్వవిద్యాలయం, యుద్ధకాలంలో కొంతకాలం గుంటూరుకు తరలి వెళ్లింది; 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, మన కాకినాడ మీద బాంబులు వేసిన రోజులవి. ఫోటోలో ఒక ఇటుక గోడ, ఒక వేపచెట్టు, ఎనిమిది కుర్చీలు ఉన్నాయి. తమరు అందులో పేర్లయితే చెప్పారు గాని, ఊరు చెప్పలేదు, సంవత్సరం చెప్పలేదు. ఆ గోడ వాల్తేరుదా, గుంటూరుదా? దీపాన్ని పక్కవాటుగా పెట్టి అట్టను వంచి చూస్తే మూలన స్టూడియోవారు ఉబ్బెత్తుగా అద్దిన ముద్రలో గుంటూరు పేరు నీడగా లేచింది. ఒక విశ్వవిద్యాలయం సామాను సర్దుకొని వలస వెళ్లిన కాలానికి మా ఇంట్లో ఉన్న సాక్ష్యం ఆ నీడ ఒక్కటే. దానిని కూడా మా చిన్నాన్న కొత్త ఫ్రేములో ఇమడదని కోయించబోతే మా నాయనమ్మ అడ్డుపడిందట.

మా పిల్లల కాలానికి తమరి అవసరం పూర్తిగా తీరిపోయింది. వారి దగ్గర ఒక్కొక్కరికీ వేల ఫోటోలు ఉన్నాయి, ఒక్కదాని కిందా ఒక్క పేరు లేదు. మొన్న మా అబ్బాయి తరగతివారి వాట్సాప్ గుంపులో ఎవరో పదేళ్ల నాటి ఫోటో పెట్టి, ఎడమ నుండి మూడవవాడు ఎవడని అడిగారు. పది నిమిషాల తరువాత ఒక నంబరు నుండి “నేనే బావా” అని సమాధానం వచ్చింది. ఆ నంబరు ఎవరిదో ఎవరి ఫోనులోనూ లేదు. అందరూ నవ్వుతున్న బొమ్మలు పెట్టి ఊరుకున్నారు.

మా పుస్తకంలో ఇప్పటికి 33 అంకెల ఎదుట పేర్లు చేరాయి. వాటిలో 29 సిరాతో, నాలుగు పెన్సిలుతో ఉన్నాయి. ఒకటవ అంకె, అనగా ఎడమ చివర తువ్వాలుతో నిలుచున్నాయన, ఖాళీగా ఉన్నది. ఆయన బర్నర్లు వెలిగించే పద్ధతి, యాసిడ్ సీసాల బిరడాలను రెండు వేళ్లతో తిప్పి తీసే నేర్పు, ఆ వేసవిలో కూతురి పెళ్లికి మేము తలా పది రూపాయలు వేసుకున్న సంగతి అందరికీ జ్ఞాపకమే. పేరు మాత్రం ఒక్కరికీ రాలేదు, ఎందుకంటే అందరమూ ఆయనను ‘తాతా’ అనే పిలిచేవాళ్లము. జీతాల పుస్తకంలో ఆయన సంతకమో వేలిముద్రో ఉంటుంది కదా అని విశ్వవిద్యాలయానికి వ్రాశాము. ఆ రిజిస్టర్లను భద్రపరచవలసిన కాలపరిమితి తీరిపోయినందున తీసివేశామని జవాబు వచ్చింది. జవాబు కింద సంతకం, దాని కింద పేరు, హోదా, తేదీ అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

కొత్త అట్టను ఆమ్లం లేనిది చూసి తెప్పించాము. అద్దానికీ ఫోటోకూ మధ్య గాలి ఆడేటట్లు సందు వదిలి ఫ్రేము కట్టిస్తున్నాము. తమరికి ఈసారి అడుగున కాకుండా వెనుక వైపున, పై భాగంలో, మెత్తని పెన్సిలుతో నివాసం ఏర్పాటు చేస్తున్నాము. వరద వచ్చినా తమరి దాకా రావడానికి కొంత సమయం పడుతుంది. ఎడమ నుండి మొదటి స్థానంలో ‘ప్రయోగశాల తాత’ అని వ్రాసి, పక్కన ఒక పేరు పట్టేంత చోటు వదిలాము. గైర్హాజరు పంక్తిలో కోటిపల్లి రేవు మిత్రుడి పేరు మళ్లీ వ్రాయాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. వ్రాయకపోతే ఊరుకోనని ఆయన నిన్న రాత్రి కూడా ఫోను చేశాడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
నిల్చున్నవారు, రెండవ వరుస, ఎడమ నుండి ఏడవ వ్యక్తి
(ముమ్మిడివరం లెక్కలో ఐదవ వ్యక్తి)