కెమిస్ట్రీ ల్యాబులో భద్రత: సిలబస్‌లోకి రావాల్సిన పాఠం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో కెమిస్ట్రీ చదివే పిల్లల్లో తెలుగిళ్ల నుంచి వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. ఇంట్లో తెలుగు, బయట ఒడియా, సీసా మీద ఇంగ్లీషు. కోర్సు మొదట్లో ఓ గంట స్లైడ్లు చూపించి సంతకాలు పెట్టించుకుంటే భద్రతా శిక్షణ అయిపోయిందనుకోవడం మన యూనివర్సిటీ ల్యాబులకు అలవాటైపోయింది. ఆ సంతకం తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించడానికి పనికొస్తుంది. కంట్లో యాసిడ్ పడ్డ పిల్లకు దానితో పనేముంది? ఏ ప్రాక్టికల్‌లో ఏది ప్రమాదమో ఆ ప్రాక్టికల్‌కు ముందే, అవే పరికరాలతో చేయించి నేర్పాలి. అటెండర్లకు కూడా నేర్పాలి.

కర్బన పదార్థంలో నైట్రోజన్, గంధకం లాంటివి ఉన్నాయేమో చూసే లాసైన్ పరీక్షనే తీసుకోండి, పిల్లలు దాన్ని ‘సోడియం ఎక్స్‌ట్రాక్ట్’ అంటారు. కిరోసిన్‌లోంచి తీసిన సోడియాన్ని వడపోత కాగితంతో అద్ది, చిన్న ముక్క కోసి ఇగ్నిషన్ ట్యూబు అనే చిన్న గాజు గొట్టంలో వేస్తారు. పుస్తకాలు బఠాణీ గింజంత అంటాయి గానీ అందులో సగం చాలు. దానికి కర్బన పదార్థం కలిపి మొదట సన్నని సెగ మీద, తర్వాత అడుగు ఎర్రబడేదాకా రెండు మూడు నిమిషాలు కాల్చి, పింగాణీ గిన్నెలోని 10-15 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో ముంచుతారు. ట్యూబు పగలడం ఈ పద్ధతిలో భాగమే. తొందరపడి సరిగా కాల్చకపోతే మిగిలిపోయిన సోడియం నీటిని తాకి భగ్గుమంటుంది, గాజు ముక్కలు మొహం మీదికి ఎగురుతాయి. అందుకే ముంచిన క్షణంలోనే గిన్నె మీద వైర్ గాజ్ (ఇనుప తీగల వల) మూయాలి. మూసే చెయ్యి ఎవరిదో ముందే అనుకోవాలి. అనుమానముంటే ట్యూబును పూర్తిగా చల్లారనిచ్చి, చుక్క చుక్కగా ఆల్కహాల్ వేసి, బుడగలు ఆగాకే నీటి జోలికి పోవాలి. క్లోరోఫాం, కార్బన్ టెట్రాక్లోరైడ్ సోడియంతో కలిస్తే పేలతాయి కాబట్టి వాటిని ఈ పరీక్షకు ఇవ్వనే కూడదు. ఇక కోసేటప్పుడు రాలిన తునకలు. వాటిని కాగితంతో సహా చెత్తబుట్టలోకో సింకులోకో విసిరితే తడి తగిలి అంటుకుంటాయి. బల్ల మీద ఆల్కహాల్ పోసిన బీకరొకటి వాటికోసమే పెట్టి, బర్నర్‌కు దూరంగా ఉంచాలి.

మన ఎండలు పాఠ్యపుస్తకంలో ఉండవు. ల్యాబులో ద్రావణిగా వాడే, ఇట్టే అంటుకునే ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది. వంశధార లోయలోని గుణుపురం లాంటి చోట మే నెలలో 40 డిగ్రీలు కొత్త కాదు. సెలవుల్లో తాళం వేసిన స్టోర్ రూములో ఆ సీసా ఏ స్థితిలో ఉంటుందో ఆలోచించండి. లోపల ఒత్తిడి పెరుగుతుంది, మూత సందుల్లోంచి ఆవిరి కారి, గాలికన్నా బరువు కాబట్టి నేలమీద పాకుతుంది. చల్లగా ఉంటుందని ఇంట్లో వాడే రకం ఫ్రిజ్‌లో పెడితే ఇంకా ప్రమాదం. లోపలి థర్మోస్టాట్ నిప్పురవ్వ ఒక్కటి చాలు. స్పార్క్ రాని ఫ్రిజ్ లేకపోతే సెలవులకు ముందు ఈథర్ నిల్వ ఉంచకపోవడమే దారి. తెరిచిన సీసాల్లో పేలే గుణమున్న పెరాక్సైడ్లు కూడా పేరుకుంటాయి. మూత తీసిన తేదీ సీసా మీద రాయాలి, డిస్టిలేషన్‌కు ముందు పొటాషియం అయోడైడ్‌తో పరీక్షించాలి. ఫ్లాస్క్ పూర్తిగా ఎండేదాకా ఎప్పుడూ కాచకూడదు.

కంట్లో రసాయనం పడితే 15 నిమిషాలు ఆగకుండా కడగాలి. నిమిషానికి లీటరున్నర చొప్పున చూసినా 22 లీటర్ల పైమాటే. సీసాలో పట్టిన అరలీటరు నీళ్లు ఏ మూలకూ రావు. ఐవాష్ (కళ్లు కడిగే కుళాయి) ఉన్నచోట కూడా, డాబా మీది నల్ల ట్యాంకులోంచి మే నెల మధ్యాహ్నం వచ్చే నీళ్లు కాలిపోతుంటాయి. కళ్లు కడిగే నీరు 38 డిగ్రీలు దాటకూడదు. ట్యాంకుకు నీడ కట్టించడం పెద్ద ఖర్చేం కాదు. వారానికోసారి ఐవాష్ తిప్పి తుప్పునీరు పోయేదాకా వదలాలి. కళ్లు మూసుకుని పది సెకన్లలో అక్కడికి చేరుకోవడం ప్రతి విద్యార్థితోనూ చేయించాలి.

వ్యర్థాల సీసా దగ్గర జరిగే పొరపాటు వెంటనే బయటపడదు. నైట్రిక్ ఆమ్లం పోసిన సీసాలో ఎవరో ఆల్కహాలో అసిటోనో పోస్తారు, మూత బిగిస్తారు. వాయువు మెల్లగా పుట్టి, కొన్ని గంటల తర్వాత, ల్యాబులో ఎవరూ లేనప్పుడో అటెండర్ తుడుస్తున్నప్పుడో సీసా పగులుతుంది. ఆమ్లాలకూ కర్బన ద్రావణులకూ వేర్వేరు సీసాలుండాలి, ఐదింట నాలుగు వంతులకు మించి నింపకూడదు, వేసిన ప్రతిదాని పేరూ పైన రాయాలి. బరంపురం పరిసరాల్లో అయితే ఆ పేర్లు ఒడియాలో, తెలుగులో కూడా రాయాలి. సీసాలు మోసేదీ, కడిగేదీ, సింకులో ఒంపేదీ అటెండర్లే. శిక్షణ జాబితాలో వాళ్ల పేర్లు కనబడకపోవడం నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం.

డబ్బున్న యూనివర్సిటీల్లోనూ ఇదే జరిగింది. 2008 డిసెంబర్ 29న లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో 23 ఏళ్ల షెరి సాంగ్జీ టెర్ట్-బ్యూటైల్ లిథియాన్ని ప్లాస్టిక్ సిరంజితో తీస్తుండగా ప్లంజర్ ఊడొచ్చింది. గాలి తగిలిన వెంటనే మండే ద్రావణం అది. ఒంటిమీద ల్యాబ్ కోటు లేదు, సింథటిక్ స్వెటర్ ఉంది. 18 రోజుల తర్వాత ఆమె చనిపోయింది. ఆమెకు శిక్షణ ఇచ్చినట్టు రికార్డు లేదని దర్యాప్తులో తేలింది. మన దగ్గర, 2010లో ఢిల్లీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగం వాడకుండా పడేసిన, రేడియేషన్ వెదజల్లే కోబాల్ట్-60 ఉన్న పరికరాన్ని తుక్కు కింద అమ్మేసింది. మాయాపురిలో దాన్ని విడదీసినవాళ్లకు రేడియేషన్ సోకింది, ఒకరు ప్రాణాలు కోల్పోయారు. తమ గదిలో ఏముందో ఆ విభాగానికే గుర్తులేకపోయింది. ఏటా ఒకసారి స్టోర్ రూములో ప్రతి సీసానూ చేత్తో తీసి, పేరూ తేదీ చూసి రిజిస్టర్‌లో ఎక్కించే పని ఎంత ముఖ్యమో ఇక్కడే అర్థమవుతుంది.

మార్కులు లేని పాఠాన్ని మన పిల్లలు చదవరు, మాస్టార్లు చెప్పరు. కాబట్టి ప్రాక్టికల్ ఇంటర్నల్స్‌లో పది మార్కులు భద్రతకే కేటాయించాలి. పది ప్రశ్నల పేపరు వద్దు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నీటిలోకి కొద్దికొద్దిగా పోసి పలుచన చేయమనాలి, నోటితో కాకుండా రబ్బరు బల్బుతో పిపెట్ నింపమనాలి, కళ్లు మూసుకుని ఐవాష్ దగ్గరికి వెళ్లమనాలి. ఇవి చేసి చూపేదాకా సోడియం సీసా ఇవ్వకూడదు. అటెండర్లకు అదే పరీక్ష ఒడియాలోనో తెలుగులోనో పెట్టి, నెగ్గినవాళ్లకు ఇంక్రిమెంట్ ఇవ్వాలి.