రోజూ వాడే కెమెరాకు 400 స్పీడు రీలు చాలు

ఫిల్మ్ కెమెరా కొత్తగా చేతికొచ్చినవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న, హైదరాబాద్‌లో కొడాక్ కలర్ ఫిల్మ్ పోర్ట్రా ఎక్కడ దొరుకుతుందని. వినగానే కోపం వస్తుంది. అడిగినవారి మీద కాదు, ఖరీదైన రీలు వేస్తే తప్ప మంచి రంగులు రావని వారిని నమ్మించినవారి మీద.

పోర్ట్రా గొప్ప ఫిల్మే. మన ఒంటి ఛాయను అంత మృదువుగా పట్టుకునేవి తక్కువ. చెల్లి పెళ్లికి నేనూ అదే వాడాను. ఒక రీలు మిగిలితే కెమెరాలో వేసుకున్నాను. నాలుగు నెలలైనా అది పూర్తి కాలేదు. బటన్ మీద వేలు పెట్టిన ప్రతిసారీ ‘దీనికి ఇంత డబ్బు ఖర్చు చేయాలా’ అనిపించేది. అమ్మ వరండాలో కూర్చుని గోంగూర తుంచుతుంటే చూసి కూడా తీయలేదు. ఆ ఇంటిని తర్వాత పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టారు. ఆ వరండా ఫోటో నా దగ్గర ఒక్కటి కూడా లేదు.

అప్పటినుంచి నాది ఒకటే మాట. రోజూ వాడే రీలు వెనకాడకుండా ఖర్చు చేయగలిగినదై ఉండాలి. నా ఎంపిక కొడాక్ అల్ట్రామ్యాక్స్ 400. పేరులోని అంకె ఫిల్మ్ స్పీడు, అది ఎంత ఎక్కువైతే అంత తక్కువ వెలుతురులో తీయవచ్చు. పగలు మాత్రమే తీసేవారికి గోల్డ్ 200 చాలు, సాయంత్రపు ఎండలో దాని పసుపు ఛాయ చాలా బాగుంటుంది. కొడాక్‌దే ఎక్టార్ 100 గ్రెయిన్, అంటే బొమ్మలో కనిపించే నలుసులు, ఎంతో సన్ననిదే, కానీ ముఖాలు ఎర్రబడతాయి. పైగా మనం తీయాలనుకునేవన్నీ మిట్టమధ్యాహ్నపు ఎండలో జరగవు. ఇరానీ కేఫ్‌లో మూలబల్ల, లాడ్ బజార్‌లో గాజుల దుకాణం, చార్మినార్ వెనుక సందుల్లో చీకటి పడే వేళ... అక్కడ 100 వేస్తే చేయి వణికి బొమ్మ చెదురుతుంది.

ఇంకో సంగతి. ఈ రీళ్లన్నీ కలర్ నెగటివ్‌లు, అంటే కడిగాక రంగులు తలకిందులుగా కనిపించేవి. వాటికి వెలుతురు ఎక్కువైతే నష్టం తక్కువ, తక్కువైతే నీడలన్నీ బురదగా మారి గ్రెయిన్ తేలుతుంది. అందుకే వెలుతురు కొలిచే మీటరున్న కెమెరాలో 400 రీలు వేసి స్పీడు 200 అని పెడతాను, అప్పుడు ఫిల్మ్ మీద రెట్టింపు వెలుతురు పడుతుంది. మీటరు లేకపోతే మంచి ఎండలో లెన్స్ రంధ్రం ఎఫ్/11, షట్టర్ వేగం సెకనులో 500వ వంతు. పాత కెమెరాలలో చాలావాటికి ఆ వేగం ఉంటుంది.

రంగుల గురించి వాదులాడుకునేవారు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. నారింజ ఛాయతో ఉన్న నెగటివ్‌ను చూసి ఏ రంగు ఎంత ఉండాలో నిర్ణయించేది స్కాన్ చేసేవారే. నేను ఒకే రీలును రెండు ల్యాబులలో స్కాన్ చేయించాను. ఒకచోట ఆకాశం నీలంగా, మరోచోట పచ్చగా వచ్చింది. ఫిల్మ్ మారలేదు, మనిషి మారాడు. కాబట్టి ఆన్‌లైన్‌లో రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి ఏ ఫిల్మ్ గొప్పదో తేల్చేయకండి. నచ్చిన ల్యాబు ఒకటి, నచ్చిన రీలు ఒకటి పట్టుకుని ఏడాది పాటు వాటితోనే తీయండి.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. కలర్ నెగటివ్‌లను కడిగే సీ-41 పద్ధతిలో వాడే డెవలపర్ ద్రావణం వేడి 38 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో మూసిన కారు లోపల వేడి అంతకు ఎంతో ఎక్కువ. డ్యాష్‌బోర్డులో రీలు వదిలేస్తే రంగులు పాడవుతాయి. నేను రీళ్లను ఫ్రిజ్‌లో మూత బిగించిన డబ్బాలో పెడతాను. మరునాడు తీయాలనుకుంటే రాత్రే బయటపెట్టి, చల్లదనం పోయాకే మూత తీస్తాను, లేకపోతే తేమ పడుతుంది. ఈ రాత్రికి ఒకటి బయటపెట్టాను. తెల్లవారగానే అమ్మతో మార్కెట్‌కు వెళ్తున్నాను.